నగరంలో ఏకైక పాదచారి

మా నగరంలో కాలినడకన తిరిగే మనుషులు ఎంతమంది ఉన్నారని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా చెప్పగలను. ఒకరు. పేరు బోడసింగి దాలమ్మ, వయసు యాభై ఎనిమిది, ఎడమ మోకాలు నొప్పి. ఇది నా సొంత కవిత్వం కాదు. నూట నలభై పేజీల ప్రభుత్వ నివేదికలో, తొంభై మూడో పేజీలో, రంగుల బొమ్మతో సహా అచ్చయిన సంగతి.

నా పేరు వీరభద్రం. నగరపాలక సంస్థ ఇంజనీరింగ్ విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న విద్యలు రెండు: ఫైలు కదపడం, ఫైలు కదలకుండా ఉంచడం. రెండోదే కష్టం. కదిలే ఫైలుకి ఒక సంతకం చాలు. కదలని ఫైలుకి నెలకో కొత్త కారణం వెతకాలి.

మా ఊరు మున్సిపాలిటీ నుంచి నగరంగా ఎదిగిన మూడో ఏడు 'సుగమ నగరం' అనే పథకం వచ్చింది. జనం కార్లూ మోటారుసైకిళ్లూ మానేసి బస్సులెక్కాలి, సైకిళ్లు తొక్కాలి, నడవాలి. దాని బాధ్యత మా సూపరింటెండింగ్ ఇంజనీరు త్రిలోచనరావుగారి మీద పడింది. ఆయన చాలా పెద్ద భాష మాట్లాడతారు. "టీ తెప్పించవయ్యా" అనాల్సిన చోట "తేనీటి విషయమై తగు చర్య తీసుకొనవలసియున్నది" అంటారు. అది విని మా అటెండరు తగు చర్య తీసుకునేలోపు టీ చల్లారిపోతుంది. అయినా ఆయనే తాగుతారు.

పథకంలో మొదటి మెట్టు సర్వే. నగరంలో ఎవరు నడుస్తున్నారో, ఎక్కడ రోడ్డు దాటుతున్నారో లెక్క తీయాలి. సర్వే తేదీ ఎలా ఉండాలో పైనుంచి నిబంధనలు వచ్చాయి. ఆరోజు పండగ ఉండకూడదు, పెళ్లిళ్లు ఉండకూడదు, ఊరేగింపులూ సభలూ ఉండకూడదు, సెలవుదినం అసలే కాకూడదు. అలాంటి తేదీ వెతికే పని నాకు అప్పగించారు.

మాఘం ఫాల్గుణం కలిపి వెతికాను. ఒకరోజు ముహూర్తం, ఒకరోజు జాతర, ఒకరోజు ఎవరిదో విగ్రహం ఆవిష్కరణ. చివరికి మా ఇంట్లో గోడకి వేలాడే క్యాలెండర్లో ఒక బుధవారం ముత్యంలా దొరికింది. పెళ్లి లేదు, పేరంటం లేదు, ఊరేగింపు లేదు, సెలవు లేదు. ఆ గడిలో కింద చిన్న అక్షరాలతో 'సూర్యగ్రహణం' అని ఉంది. నేను చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను. గ్రహణానికి సెలవు లేదు కదా అని ఫైల్లో రాసేశాను. త్రిలోచనరావుగారు సంతకం చేసేశారు.

ఆ బుధవారం ఏం జరిగిందో మీరు ఊహించగలరు. లెక్కపెట్టడానికి రావాల్సిన కాంట్రాక్టు మనుషులు రాలేదు. బస్సు డ్రైవర్లు డిపోలో కూర్చుని పట్టువిడుపులు ఎప్పుడో మాట్లాడుకున్నారు. కొట్లు తెరవలేదు. త్రిలోచనరావుగారి ఇంట్లో ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టారు, ఆయన దాన్ని గమనిస్తూ కూర్చున్నారు. సర్వేకి వచ్చింది ఒక్కటే, బైపాస్ రోడ్డు స్తంభానికి కట్టిన కెమెరా. దానికి గ్రహణం పట్టింపు లేదు. పొద్దున్న ఏడు నుంచి ఒంటిగంట దాకా రెప్ప వేయకుండా పనిచేసింది.

మూడు నెలలకి నివేదిక వచ్చింది. ఆరు గంటల్లో కెమెరాకి కనబడినవి రెండు లారీలు, ఒక ఆవు, ఒక మనిషి. ఆవుని 'ఇంధనరహిత రవాణా' కింద వేశారు. మనిషిని 'పాదచారి' కింద వేశారు. ఆ పాదచారి నాలుగుసార్లు రోడ్డు దాటింది.

ఆ నాలుగుసార్లకీ కారణం ఉంది. బైపాస్‌కి ఇటుపక్క ఇసకదిబ్బ కాలనీ, అటుపక్క బడి. దాలమ్మ ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. గ్రహణం పట్టేలోపు మంచినీళ్ల డ్రమ్ము మీదా, ఊరగాయ జాడీ మీదా దర్భలు వెయ్యాలని వెళ్లింది. తీరా వెళ్లాక చూసుకుంటే దర్భలు ఇంట్లోనే మర్చిపోయింది. వెనక్కి వచ్చి తీసుకుని, మళ్లీ వెళ్లి వేసి, మళ్లీ ఇంటికి వచ్చింది. నగర రవాణా ప్రణాళిక మొత్తం ఆ దర్భల మీద నిలబడింది.

దాలమ్మ నాకు కొత్త కాదు. కెమెరా బొమ్మలో ఆవిణ్ణి గుర్తుపట్టి, నివేదికకి పేరూ వయసూ రాసిచ్చింది నేనే. సర్వేకి రెండేళ్ల ముందు వాహనాల వేగం పెంచడానికి బైపాస్ మధ్య ఛాతీ ఎత్తున సిమెంటు డివైడరు కట్టి, కాలనీ ఎదుట ఉన్న సందు మూసేశాం. అప్పట్నుంచి బడికి వెళ్లాలంటే కిలోమీటరున్నర నడిచి యూటర్న్ దగ్గర తిరిగి, మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. కాకపోతే గోడెక్కి దూకాలి. పిల్లలు ముందు పుస్తకాల సంచులు అవతలికి విసిరి తరవాత దూకుతారు. దాలమ్మ రెండు రాళ్లు మెట్టులా పేర్చుకుని, ఎడమ మోకాలు పట్టుకుని ఎక్కుతుంది. ఆ సందు తెరిపించమని ఐదు అర్జీలు ఇచ్చింది. ఐదింటి మీదా ముద్రవేసి తీసుకున్నది నేనే.

"ఏటైనాది బావూ నా కాయితం?" అని అడిగేది.

"పరిశీలనలో ఉందమ్మా."

"ఎవులి పరిశీలన?"

"నా పరిశీలనే," అని ఒప్పుకునేవాణ్ణి. ఆవిడ నన్ను తిట్టకుండా వెళ్లిపోయేది. తిడితే బాగుండుననిపించేది.

నివేదిక వచ్చాక మాత్రం ఆవిడ దశ తిరిగింది. అంతవరకు మా ఆఫీసులో 'ఆ వంటమ్మ' అన్నవాళ్లంతా 'దాలమ్మగారు' అన్నారు. ఆవిణ్ణి సంప్రదింపులకి పిలవాలని త్రిలోచనరావుగారు జీపు పంపించారు. ఇంతలో ఎవరో సందేహం లేవదీశారు: పాదచారిని జీపెక్కిస్తే ఆమె పాదచారి ఎలా అవుతుంది? కాబట్టి ఆవిడ ముందు నడుస్తుంటే జీపు వెనకాలే మొదటి గేర్లో ఐదు కిలోమీటర్లు వచ్చింది.

త్రిలోచనరావుగారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. "అమ్మా, నగరంలోని యావన్మంది పాదచారుల ఏకైక ప్రతినిధిగా తమరి అభిప్రాయములను ఆహ్వానించుచున్నాము."

దాలమ్మ నా వైపు చూసింది. ఏం కావాలో చెప్పమంటున్నారని నేను చెప్పాను.

"ఆ గోడకి సందు ఎట్టించండి బావూ. సాలు."

"సందు తెరుచుటకు రోజుకి ఐదువందల దాటింపులు ఉండవలెనని నిబంధన. తమరివి నాలుగు. నాలుగువందల తొంభైయారు కొరతగా ఉన్నవి. తమరు ఏమైనా పెంచగలరా?"

"ఐదొందల సార్లు గోడ దూకితే పిల్లలకి అన్నం ఎవులు వండుతారండి? మా కాలనీల మూడొందల గడప ఉన్నాది. ఆడోళ్లు పనులకెల్తారు, పిల్లలు బడికెల్తారు. అందరం ఆ గోడే దూకుతన్నాం."

"వారు నివేదికలో లేరు."

"నివేదికల నేరంటే ఏటండి? సచ్చిపోనారా?"

"అబ్బెబ్బె, జీవించియే యున్నారు. నడువరు, అంతియే."

దాలమ్మ మళ్లీ నా వైపు చూసింది. నేను ఫైలు తాడు సవరించాను. ఆ తేదీ ఎంచినవాణ్ణి నేనేనని ఆవిడకి తెలీదు.

పథకం మూడు విభాగాలుగా పనిచేస్తుంది: నడక విభాగం, సైకిలు విభాగం, బస్సు విభాగం. మూడింటికీ లబ్ధిదారులు కావాలి. ఉన్నది దాలమ్మ ఒక్కర్తే. ముందుగా నడక విభాగం ఆవిడ గుమ్మం దగ్గర్నుంచి డివైడరు దాకా కాలిబాట వేసింది. నివేదిక ప్రకారం ఒక్క మనిషికి ఎంత వెడల్పు కావాలో అంతే వేసింది. పసుపు పలకలు, రెండు వైపులా స్టీలు కమ్మీలు, 'మీ నడక మా బాధ్యత' అని బోర్డు. ఆ బాట తిన్నగా వెళ్లి సిమెంటు గోడకి కొట్టుకుని ఆగిపోతుంది. ఎదురుగా ఇంకో మనిషి వస్తే ఎవరో ఒకరు కమ్మీ ఎక్కాలి. ఎదురుగా ఎవరూ రారు కదా అని నడక విభాగం వారు గుర్తు చేశారు.

అది చూసి సైకిలు విభాగం ఊరుకోలేదు. వాళ్ల లెక్కలో సైకిలు తొక్కేవాళ్లు సున్నా. సున్నాతో విభాగం ఎన్నాళ్లు బతుకుతుంది? దాలమ్మకి ఎర్ర సైకిలు, తలకి శిరస్త్రాణం ఇచ్చారు. ఆవిడకి తొక్కడం రాదు. పాపం, ప్రభుత్వం ఇచ్చింది కదా అని పక్కన నడిపించుకుంటూ వెళ్లింది. అన్నం గిన్నెలు మోయడానికి పనికొచ్చిందని సంతోషించింది కూడా. కానీ సైకిలు నడిపించుకుంటూ వెళ్లే మనిషి పాదచారి అవుతుందా, సైకిలుదారు అవుతుందా అని రెండు విభాగాలకీ మధ్య పదకొండు ఉత్తరాలు నడిచాయి. ఆ ఉత్తరాలన్నీ నా చేతిమీదుగానే వెళ్లాయి.

బస్సు విభాగం అందర్నీ మించిపోయింది. ఒకే కుర్చీ, దానిమీద రేకు, పక్కన విద్యుత్ బోర్డు పెట్టి దాలమ్మ ఇంటిముందు బస్టాపు కట్టారు. ప్రత్యేకంగా బస్సు వేశారు. ఆవిడ బస్సెక్కితే నగరంలో పాదచారులు పూర్తిగా అంతరించిపోతారని నడక విభాగం గోలపెట్టింది. చివరికి త్రిలోచనరావుగారు రాజీ కుదిర్చారు. సోమ మంగళవారాలు నడక. బుధ గురువారాలు సైకిలు. శుక్ర శనివారాలు బస్సు. ఆదివారం లబ్ధిదారుకి విశ్రాంతి. ఈ ఉత్తర్వు ఆవిడ తలుపుకి అంటించి, అమలు చూడ్డానికి ఒక మేస్త్రీని కాపలా పెట్టారు.

శుక్రవారం దాలమ్మ ఏడింటికి బస్సెక్కింది. ఆవిడ దిగాల్సిన బడి ఎదురుగా కనబడుతూనే ఉంది. బస్సు ఎడమవైపుకే పోగలదు. యూటర్న్ దాకా వెళ్లింది. అక్కడ పెద్ద బస్సు తిరగడానికి వీల్లేదు కనక ఇంకా ముందుకెళ్లి, డిపోలో హాజరు వేయించుకుని, రైల్వేగేటు దగ్గర ఆగి, తొమ్మిదిన్నరకి బడి ముందు దింపింది. ఆరోజు పిల్లలు రెండింటికి అన్నం తిన్నారు. శనివారమూ అంతే. హెడ్మాస్టరమ్మ మంచి మనిషే. కానీ పిల్లల ఆకలి ఆగదు కదా. ఇంకొక్కసారి ఆలస్యమైతే వంటపని వేరే బృందానికి ఇచ్చేస్తానని చెప్పేసింది.

సోమవారం వంట ముగించుకుని దాలమ్మ మా ఆఫీసు మెట్ల మీద వచ్చి కూర్చుంది.

"బావూ, ఇదివరకు గోడెక్కి ఎల్లినా ఏలకి సేరీదాన్ని. ఇప్పుడు గవుర్మెంటోరు సాయం సేస్తంటే పనే ఎలిపోయేలాగున్నాది. తొమ్మిదేళ్లు వండినాను ఆ పిల్లలకి. ఎవులికి కారం పడదో, ఎవులికి రెండోసారి ఎయ్యాలో నాకు తెల్సు. సాయం సాలు, ఆపీమని సెప్పండి."

నాకు సిగ్గేసింది. ఆ తేదీ సంగతి మొత్తం చెప్పేశాను. క్యాలెండర్లో గ్రహణం చూసి కూడా రాశానని ఒప్పుకున్నాను. ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మా అమ్మ సెప్పీది, గ్రహణం యేల బయటికెల్లకే అని. ఇన్నేదు నాను."

ఆ వారమే బుధవారం కమిషనర్ గారు సమీక్ష పెట్టారు. పాదచారుల సమస్య ఎంతవరకు వచ్చిందని అడిగారు. త్రిలోచనరావుగారు లేచి గొంతు సవరించుకున్నారు.

"అయ్యా, పాదచారి నివాసము రోడ్డునకు ఇటువైపునను, పని అటువైపునను ఉండుటచే ఈ సమస్య ఉత్పన్నమగుచున్నది. రోడ్డును కదల్చుట సాధ్యము కాదు. బడిని కదల్చుట విద్యాశాఖ పరిధిలోనిది. కావున పాదచారినే అటువైపునకు తరలించినచో సమస్య సమూలముగా పరిష్కృతమగును."

కమిషనర్ గారు మెచ్చుకుంటూ బల్ల చరిచారు. బడి పక్కన నీళ్లట్యాంకు ఆపరేటరు కోసం కట్టిన ఇల్లు ఖాళీగా ఉంది. 'రోడ్డు దాటి పనికి వెళ్లు పాదచారికి' ఆ ఇల్లు కేటాయిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు తయారైంది. పాదచారులే లేని నగరంగా మనం చరిత్రకెక్కుతామని పత్రికలకి ఇవ్వాల్సిన ప్రకటన కూడా రాయించారు. రాసింది నేనే.

గురువారం ఉత్తర్వు పట్టుకుని దాలమ్మ కోసం బయల్దేరాను. జీపు ఖాళీ లేదు. ఆటో దిగేసరికి బడి విడిచే వేళయింది. నేను బడివైపు ఉన్నాను, కాలనీ అవతల ఉంది. గోడ అంచున ఇనప ఊచలు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పిల్లలు ఒకరి తరవాత ఒకరు సంచులు విసిరి దూకుతున్నారు. ఏడెనిమిదేళ్ల పిల్ల ఒకర్తి దూకుతుంటే జడ రిబ్బను ఊచకి తగులుకుంది. పిల్ల విడిపించుకోబోయి రోడ్డు మీదికి జారిపడింది. లారీ కీచుమంటూ వచ్చి మూరెడు దూరంలో ఆగింది. డ్రైవరు తిట్టాడు. పిల్ల లేచి, మోకాలు దులుపుకుని, రిబ్బను కోసం మళ్లీ గోడెక్కింది.

ఆ ఐదు అర్జీలూ నా బీరువాలో రెండో అరలో ఉన్నాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి నామీద నాకు కోపం వచ్చింది. ప్యాంటు చిరిగినా సరే అనుకుని నేనూ ఆ గోడెక్కాను. చిరిగింది.

దాలమ్మ తన ఇంటి అరుగు మీద బియ్యం ఏరుతోంది. పక్కన నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. ఉత్తర్వు చదివి వినిపించి, ఆ ఇంటి తాళం చేతిలో పెట్టాను. అందరూ మురిసిపోతారనుకున్నాను. దాలమ్మ చేట కింద పెట్టింది.

"నానెల్లి ఆ పక్కన కూకుంటాను సరే. నాతోటి వండే ఈలు ముగ్గురూ ఎలాగొస్తారు? నా మనవరాలు ఎలాగొస్తాది? ఈ గోడో?"

నేను ఉత్తర్వు మడతపెట్టబోయాను.

"బావూ, ఇల్లు నాకెందుకిచ్చినారు?"

"నడుస్తున్నారని."

"మరి నడిసినోళ్లందరికీ ఇస్తారా?"

నేను ఉత్తర్వు మళ్లీ చదువుకున్నాను. 'రోడ్డు దాటి పనికి వెళ్లు పాదచారికి' అని ఉంది గానీ, హడావుడిలో పేరు వెయ్యలేదు. దాలమ్మ నా మొహం చూసి కనిపెట్టేసింది. దరఖాస్తు ఎలా రాయాలో నేను చెప్పలేదు. ప్రభుత్వ ఉద్యోగి అలాంటివి చెప్పకూడదు. కాకపోతే వచ్చేటప్పుడు నా జేబులోంచి ఒక నమూనా కాయితం, సంతకం ఎక్కడ పెట్టాలో గీతతో సహా, ఎలాగో ఆ అరుగు మీద పడిపోయింది.

ఆ శుక్ర శనివారాలు కాపలా మేస్త్రీ లేవకముందే గోడ దూకి దాలమ్మ వేళకి వండేసింది. సోమవారం మా ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు. పదిన్నరకి మూడువందల పద్దెనిమిది మంది ఆడవాళ్లు గేటు దాటి లోపలికి వచ్చారు. ప్రతివాళ్ల చేతిలోనూ ఒకటే అర్జీ. 'అయ్యా, నేను కూడా రోడ్డు దాటి పనికి వెళ్లు పాదచారిని. నాకు కూడా అటువైపు ఇల్లు ఇప్పించగలరు.' ముందువరసలో దాలమ్మ ఉంది. వంట పొద్దున్నే ముగించి, మిగతా ముగ్గుర్నీ వడ్డనకి ఉంచి వచ్చింది.

త్రిలోచనరావుగారు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నారు. "వీరభద్రం, వీరందరూ ఏ వాహనములలో వచ్చినారు?"

"నడిచి వచ్చారు సార్. దారిలో ట్రాఫిక్ కెమెరాలు మూడున్నాయి."

"ఇయ్యాల సోమారం బావూ," అంది దాలమ్మ వినయంగా. "మీరు రాసినట్టే, నడక రోజు."

ఆయన నన్ను లోపలి గదిలోకి లాక్కెళ్లారు. అర్జీలు ఒప్పుకుంటే మూడువందల పద్దెనిమిది ఇళ్లు ఇవ్వాలి. అంతకంటే ఘోరం, నివేదిక తప్పని తేలుతుంది. తప్పయితే తేదీ ఎవరు ఖాయం చేశారని అడుగుతారు. తేదీ కింద ఆయన సంతకం ఉంది. కాదందామా అంటే వీళ్లు నడవరని రుజువు చెయ్యాలి. నడిచి వచ్చినవాళ్లు వరండాలో నిలబడి మంచినీళ్లు అడుగుతున్నారు.

ఆయన బయటికొచ్చి, నేను చేరిన తరవాత మొదటిసారిగా మామూలు తెలుగులో మాట్లాడారు. "అసలు మీకేం కావాలమ్మా?"

మూడువందల పద్దెనిమిది గొంతులూ ఒక్కసారే అన్నాయి. "సందు!"

సందు మంజూరు చెయ్యడానికి వీల్లేదు. ఐదువందల దాటింపుల నిబంధన అలాగే ఉంది, నివేదిక అలాగే ఉంది. కాబట్టి సందు మంజూరు కాలేదు. ఆరోజు మిట్టమధ్యాహ్నం మా సంస్థ పొక్లెయిను ఒకటి బైపాస్ మీదుగా వెళ్తూ, కాలనీ ఎదుట కాసేపు ఆగి, డివైడరుకి తగిలింది. నాలుగుసార్లు తగిలింది. కాలనీ అంతా రోడ్డు పక్కన నిలబడి చూసింది. ఎవరో డ్రైవరుకి చెంబుతో మజ్జిగ ఇచ్చారు. కూలిన ముక్కలు రోడ్డుకి అడ్డంగా, ఇటు ఒక వరస అటు ఒక వరస, చక్కగా తీర్చినట్టు పడ్డాయి. వాటిమీద తారు కూడా ఎలాగో ఒలికింది. లారీలు అక్కడ నెమ్మది చెయ్యక తప్పదు.

సాయంత్రం త్రిలోచనరావుగారు చెబుతుంటే నేను నోట్ రాశాను. మళ్లీ పాత భాషకి వచ్చేశారు, మనసు కుదుటపడినట్టుంది. 'గుర్తు తెలియని వాహనము ఢీకొనుటచే డివైడరు పన్నెండు అడుగుల మేర కూలినది. సర్వే ప్రకారము సదరు స్థలమునందు జనసంచారము లేనందున ప్రత్యక్ష సాక్షులు ఎవరును లేరు. తక్షణమే మరమ్మతు చేయవలెను.'

మర్నాడు దాలమ్మ ఏడున్నరకే బడికి చేరింది. మేమిచ్చిన ట్యాంకు ఇంటి తాళం హెడ్మాస్టరమ్మకి ఇచ్చేసింది. ఇప్పుడందులో బియ్యం బస్తాలు పెట్టుకుంటున్నారు. సైకిలు మీద గిన్నెలు మోస్తున్నారు. ఒంటికుర్చీ బస్టాపులో మధ్యాహ్నాలు మేకలు పడుకుంటాయి. ప్రభుత్వ రికార్డుల్లో మా నగరానికి ఇప్పటికీ పాదచారి ఒక్కరే. పొద్దున్న ఎనిమిదింటికి ఆ సందు దగ్గర నిలబడితే ఆ ఒక్కరూ గుంపులు గుంపులుగా దాటుతుంటారు.

మరమ్మతు ఫైలు నా బల్ల మీదకి వచ్చి నాలుగేళ్లయింది. మొదటి నెల ఇసక దొరకలేదు. తరవాత వానలు. తరవాత ఎన్నికల కోడ్. కొలతల పుస్తకం ఒకసారి పోయింది, దొరికేసరికి కూలీ రేట్లు మారాయి. ఒక వేసవంతా ఆ వాహనం ఏదో తెలిసేదాకా ఆగుదామని ఆపాను. ప్రతి సమీక్షలోనూ త్రిలోచనరావుగారు ఆ ఫైలు గురించి అడుగుతారు. పరిశీలనలో ఉంది సార్ అంటాను. "మంచిది, తొందరపాటు తగదు," అంటారు.

వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. నా సీట్లోకి రాబోయే అమ్మాయి చురుకైనది. ఏ ఫైలు ఎలా కదపాలో రెండు రోజుల్లో నేర్చేసుకుంది. ఈ ఒక్క ఫైలూ ఎలా ఆపాలో మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని వారం రోజులుగా నేర్పుతున్నాను.